వెనక తలుపు

సాయంత్రం నాలుగూ పన్నెండుకు, వానలో దిగిన ప్రయాణికుల విమానం ఒకటి రన్‌వే చివర ఆగలేదు. ప్రహరీ గోడను కూల్చుకుని, అవతలి మురుగు కాలవ గట్టు మీద ఆగింది. ఎడమ రెక్క విరిగింది. అందులోంచి కారిన ఇంధనం అంటుకుంది. పదకొండు మంది చనిపోయారు. పదకొండు మందీ వెనక వరసల్లో కూర్చున్నవాళ్లు. గోడను గుద్దుకోవడం వల్ల ఒక్కరూ చనిపోలేదు. పొగ వల్ల చనిపోయారు.

మర్నాడు పొద్దున్నకల్లా ఊరందరి ఫోన్లలోకీ ఒక వీడియో వచ్చింది. పావు నిమిషం కూడా లేదు. యూనిఫాం వేసుకున్న ఒక అమ్మాయి విమానం వెనక తలుపుకు వీపు ఆనించి, రెండు చేతులూ బార్లా చాపి నిలబడి ఉంది. తలుపు తియ్యమని అరుపులు. తలుపు పిడి వైపు ఒక మగచెయ్యి వెళ్లింది. ఆ అమ్మాయి ఆ చేతిని తోసేసింది. తర్వాత ఆమె చెయ్యి పైకి లేచింది, చప్పుడైంది, ఫోను అదిరింది. వీడియో అక్కడితో ఆగింది. కింద ఒక వాక్యం రాసి ఉంది: "జనం చస్తుంటే తలుపు తియ్యని మహాతల్లి."

వీడియో తీసింది చెంపదెబ్బ తిన్న మనిషి. ఆయన టైల్స్ వ్యాపారి. ఆ రోజే రెండు చానళ్లలో మాట్లాడాడు. కట్టుబట్టలతో బయటపడ్డానని, తలుపు తీసి ఉంటే అందరూ బతికేవాళ్లని చెప్పాడు. చెంప కెమెరా వైపు తిప్పి చూపించాడు.

కొట్టిన అమ్మాయిని తోటి ఉద్యోగులు గంట అంటారు. శిక్షణలో ఉండగా ఆమె అరుపు పక్క భవనంలోని లెక్కల విభాగం వాళ్లకు వినిపించి, వాళ్లు వచ్చి ఏమైందని అడిగారు. అప్పుడు పడ్డ పేరు. ఉద్యోగంలో చేరాక గొంతు తగ్గించుకోమని, నవ్వు పెంచుకోమని పైవాళ్లు చెప్పారు. రెండూ చేసింది. ఎనిమిదేళ్లుగా వెనక తలుపు ఆమెది.

గంటను పెంచింది పిన్ని. పిన్ని కుట్టుపని చేస్తుంది. వీధి గది దుకాణం, వెనక గది ఇల్లు. ఆస్పత్రి నుంచి వచ్చాక గంట ఆ వెనక గదిలో ఉంది. కుడిచేతి వెనక వైపు, వేళ్ల కణుపుల నుంచి మోచేతి దాకా కట్టు ఉంది. పిన్ని అన్నం కలిపి పెడితే తింటోంది, లేకపోతే లేదు.

దుకాణానికి వచ్చేవాళ్లు తగ్గలేదు, పెరిగారు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ మెడ సాచి వెనక గదిలోకి చూసింది.

"ఏం వదినా, మీ అమ్మాయి ఇంట్లోనే ఉందా?"

"ఉంది. ముందు చెయ్యెత్తు, చంక కొలత తీసుకోవాలి."

"పాపం, కంగారు పడ్డట్టుంది పిల్ల. తలుపు తీస్తే పోయేది కదా."

పిన్ని టేపు మడిచి మెడలో వేసుకుంది. "నీ జాకెట్టుకు వీపు ఎంత దించాలో నువ్వు చెప్పు, నేను వింటాను. విమానం తలుపు ఎప్పుడు తీయాలో అది చెప్తుంది, నువ్వు విను. ఎవరి పని వాళ్లది."

ఆవిడ వెళ్లాక పిన్ని ఆ వీడియో మళ్లీ చూసింది. అప్పటికి చాలాసార్లు చూసింది. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు," అంది. "మంటల్లో ఫోను తీసి సినిమా తీస్తాడా వీడు? ఒసేయ్, ఎడమ చేత్తో కూడా ఒకటి ఇచ్చి ఉండాల్సింది."

గంట నవ్వలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం కంపెనీ కారు వచ్చింది. దిగింది శిక్షణ మేడం. గంటకు పని నేర్పింది ఆవిడే. చేతిలో పళ్ల సంచి, ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం. పిన్ని మిషను దగ్గర నుంచి లేవకుండా స్టూలు చూపించింది. మేడం కూర్చుంది. కాసేపు చెయ్యి ఎలా ఉందని అడిగింది. తర్వాత కాగితం తీసింది.

"నీ ఉద్యోగం కాపాడదామనే వచ్చాను గంటా. ఎల్లుండి విచారణ. ఈలోగా ఇది ఇచ్చేస్తే గొడవ చల్లారుతుంది. ఆయన కూడా కేసు పెట్టనన్నాడు."

కాగితంలో నాలుగు వాక్యాలున్నాయి. తీవ్రమైన ఆందోళనలో ఉండి ఒక గౌరవ ప్రయాణికుడి మీద చెయ్యి చేసుకున్నానని, అది కంపెనీ శిక్షణకు విరుద్ధమని, అందుకు తాను పూర్తిగా బాధ్యురాలినని, ఆయనకు క్షమాపణ చెప్పుకుంటున్నానని.

గంట రెండుసార్లు చదివింది.

"ఆందోళన ఎక్కడిది మేడం? నాకు ఆందోళన లేదు. కోపం వచ్చింది."

"కోపం అని రాయలేం కదమ్మా."

"తలుపు గురించి ఇందులో ఒక్క ముక్క లేదేం?"

"తలుపు గురించి కంపెనీ ఇప్పుడేం మాట్లాడదు. విచారణలో ఉన్న విషయం."

"అంటే దెబ్బకు క్షమాపణ నేను చెప్తాను. తలుపుకు తిట్లు నేను తింటాను. కంపెనీ ఏం చేస్తుంది?"

"సంతాపం తెలుపుతుంది," అంది పిన్ని, మిషను ఆపకుండా.

మేడం ఆ మాట పట్టించుకోలేదు. "నీకు తెలియనిదా? మనం ప్రయాణికుడిని ముట్టుకోకూడదు. తొలి పాఠం అదే కదా."

"రెండో పాఠం ఏంటి మేడం?"

మేడం పళ్ల సంచి ముడి సర్దుకుంది.

"నేను చెప్తాను. తలుపు బయట నిప్పుంటే తెరవకూడదు. ఎవరినీ తెరవనివ్వకూడదు. చేతులు చాపి అడ్డంగా నిలబడాలి. మీరే నా మోచేతులు పట్టుకుని సరిచేశారు, ఇంకా చాపు, ఇంకా చాపు అని. ఇప్పుడు ఊరంతా ఆ బొమ్మ చూసి నేను జనాన్ని చంపానంటోంది. మీకు తెలుసు అదేంటో. ఒక్క చానల్లో ఒక్క మాట చెప్పారా?"

"చెప్పడానికి నాకు అనుమతి లేదు."

"కాగితం తేవడానికి ఉందా?"

మేడం పళ్ల సంచిని ఒళ్లోంచి తీసి నేల మీద పెట్టింది. గంట గొంతు అప్పటికి వీధిలోకి వినిపిస్తోంది. ఎదురు కొట్టు అతను బయటికి వచ్చి నిలబడ్డాడు.

"మన డ్రిల్లు హాల్లో ఆ బొమ్మ విమానం ఉంది కదా మేడం. దాని పై అరలు ఎప్పుడైనా తెరిచారా? ఎనిమిదేళ్లలో నేను చూడలేదు. మా సంచులు బయట బీరువాలో పెట్టించేవారు. ప్రయాణికులుగా నటించేది మనవాళ్లే. ఈల వేయగానే లేచి, వరసగా వచ్చి, జారుడు బల్ల మీద జారి, కింద నవ్వుకునేవాళ్లు. ప్రతిసారీ నిమిషన్నర లోపే. ప్రతిసారీ చప్పట్లు. నిజం విమానంలో లేవమనగానే ఏం చేశారో తెలుసా? పైకి చూశారు. మంట వైపు కాదు మేడం. అరల వైపు చూశారు. బ్యాగు తీసుకునే మనిషిని ఏం చేయాలో నాకు మీరు నేర్పలేదు. 'అన్నీ వదిలేయండి' అని అరవమన్నారు. అరిచాను. పోతున్న గొంతుతో అరిచాను. చెవిటివాడి ముందు శంఖం. వినకపోతే ఏం చేయాలో ఏ పాఠంలో ఉంది?"

"గంటా, నీ మంచికే..."

"కాగితం తీసుకెళ్లండి. పళ్లు కూడా."

మేడం కాగితం తీసుకుంది. పళ్లు వదిలేసి వెళ్లింది. పిన్ని వాటిని కడిగి, కోసి, ఒక పళ్లెం ఎదురు కొట్టు అతనికి పంపింది. "ఆట చూడ్డానికి వచ్చినవాళ్లకు పలహారం పెట్టాలి కదా," అంది.

మర్నాడు సాయంత్రం ఒక మనిషి గొడుగు మూసి దుకాణం గడపలో నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టి ఉన్నాయి.

"ప్యాంటా, చొక్కానా?" అంది పిన్ని.

"మా అమ్మ ఆ విమానంలో ఉంది."

పిన్ని కత్తెర బల్ల మీద పెట్టింది.

ఆయన లెక్కల మాస్టారు. తల్లికి డెబ్భై ఆరేళ్లు. మోకాళ్ల నొప్పులు. ఊతకర్ర లేకుండా నడవదు. టాయిలెట్‌కు దగ్గరగా ఉంటుందని వెనక వరసలో సీటు ఎంచి టిక్కెట్టు తీసింది ఆయనే. ఇరవై మూడో వరస, నడవ పక్క సీటు. చనిపోయిన పదకొండు మందిలో ఆమె ఒకరు.

గంట వెనక గదిలోంచి వచ్చింది. మాస్టారు ఆమెను చూడగానే కూర్చోబోయినవాడు కూర్చోలేదు.

"నువ్వేనా?"

"నేనే సార్."

"నీ తలుపుకూ మా అమ్మకూ మధ్య మూడు వరసలు. మూడే మూడు. కర్ర లేకుండా పాక్కుంటూ వచ్చినా చేరేది. నువ్వు ద్వారపాలకురాలిలా చేతులు చాపి నిలబడ్డావు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. నీ మొహంలో భయం లేదు. ఏడుపు లేదు. కోపం ఉంది. ఆ కోపం ఎవరి మీద? మా అమ్మ మీదా?"

"కూర్చోండి మాస్టారూ," అంది పిన్ని.

"నేను కూర్చోవడానికి రాలేదమ్మా. అడగడానికి వచ్చాను. నన్ను అడగనివ్వండి."

"అడగండి సార్," అంది గంట. "నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అందరూ చెప్పారు."

"తలుపు ఎందుకు తీయలేదు?"

గంట దుకాణం వెనక తలుపు దగ్గరికి వెళ్లింది. చెక్క తలుపు. దానికి చిన్న అద్దం ఉంది.

"విమానం ఆగగానే ముందు కిటికీలోంచి చూడాలి. చూశాను. బయట నిప్పు తప్ప ఏమీ లేదు. అయినా చెయ్యి ఆనించి చూశాను, అరచెయ్యి కాదు, వెనక వైపు." కట్టు ఉన్న చెయ్యి ఎత్తి చూపింది. "ఇది అప్పుడు కాలింది. తలుపు మూసి ఉండగానే ఇంత కాలింది. తీసి ఉంటే ఆ నిప్పు లోపలికి వచ్చేది. మీ అమ్మగారు మూడు వరసల దూరంలో ఉన్నారన్నారు కదా. మొదట ఆమెకే తగిలేది. ఎదురు తలుపు గోడ రాళ్లకు ఆనుకుని బిగుసుకుపోయింది. ఇంక వెనక దారి లేదు. అందరూ ముందుకు పోవాల్సిందే."

"మరి చేతులు..."

"పొగలో మనిషికి మాటలు వినపడవు సార్. తలుపు కనిపిస్తే దాని మీద పడతారు. ఒక్కడు పిడి ఎత్తినా చాలు. అందుకని ఇలా నిలబడాలి." తలుపుకు వీపు ఆనించి చేతులు చాపింది. వీడియోలో ఉన్నట్టే నిలబడింది. మాస్టారు అడుగు వెనక్కి వేశాడు. "మనిషి అడ్డుంటేనే వెనక్కి తిరుగుతారు. ఇది మా పని. నాకు నేర్పిన పనుల్లో ఆ రోజు పనికొచ్చింది ఇదొక్కటే."

"వెనక్కి తిరిగారా?"

"తిరిగారు."

"మరి ఎందుకు చచ్చిపోయారు?"

గంట పిన్ని వైపు చూసింది. తర్వాత కత్తిరింపు బల్లకూ బట్టల అరకూ మధ్య ఉన్న సందు చూపించింది. ఒక మనిషి నిటారుగా పోగలిగేంత సందు.

"నడవ ఇంతే ఉంటుంది." కుట్టడానికి వచ్చిన బట్టల మూట ఒకటి ఎడమ చేత్తో లాగి ఆ సందు మధ్యలో పెట్టింది. మూట బల్ల కాలికీ అరకూ మధ్య బిగుసుకుంది. "ఇప్పుడు రండి సార్. అటు నుంచి ఇటు. ఊపిరి బిగబట్టి రండి."

మాస్టారు వెళ్లాడు. మూట దగ్గర ఆగాడు. కాలెత్తాడు, దాటలేకపోయాడు. వంగి తోశాడు. మూట కదల్లేదు. నిటారుగా నిలబడి ఊపిరి వదిలాడు.

"మీకు మోకాళ్ల నొప్పులు లేవు," అంది గంట. "పొగ లేదు. మీ వెనక పదిమంది తోయడం లేదు."

"ఎవరిదా మూట?"

"నేను కొట్టిన మనిషిది. చక్రాల బ్యాగు. నా తలుపు దగ్గరికి దానితోనే వచ్చాడు. కాళ్ల సందున పెట్టుకుని, ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో నా తలుపు తీయబోయాడు. కొట్టి, ముందుకు తిప్పాను. బ్యాగు వదలమని అరిచాను. బ్యాగుతోనే పోయాడు. పంతొమ్మిదో వరస దగ్గర ఇరుక్కుంది. అతను దాన్ని లాక్కుంటూ నిలబడ్డాడు. వదిలేయొచ్చు కదా. దాటి పోవచ్చు కదా. లాక్కుంటూ నిలబడ్డాడు సార్! నేను సీట్ల మీదెక్కి పోబోయాను, పొగ కిందికి దిగింది, మళ్లీ నేల మీద పడ్డాను. చేతికి ఒక పిల్ల గౌను దొరికింది. అతను కదిలాక ఆ పిల్లను లాక్కుని పాక్కుంటూ పోయాను. ఆ పిల్ల బతికింది. నాకు దొరికింది అదొక్కటే."

మాస్టారు మూట మీద చెయ్యి వేశాడు.

"అమ్మ ఏమైనా అందా?"

"తెలియదు సార్. నేను అరుస్తున్నాను. నా అరుపు తప్ప నాకేమీ వినపడలేదు."

మాస్టారు గొడుగు తీసుకున్నాడు. క్షమించమని గాని, వెళ్లొస్తానని గాని అనలేదు. గడప దగ్గర ఆగి జేబులోంచి ఫోను తీశాడు.

"ఈ వీడియో మధ్యలో మొదలవుతుంది. ముందేముందో లేదు, వెనకేముందో లేదు. మెట్లు రాయకుండా జవాబు మాత్రమే రాసినవాడికి నేను మార్కులు వేయను. ఎక్కడో చూసి రాశాడని అర్థం." వెళ్లిపోయాడు.

పిన్ని మూట తీసి అరలో పెట్టింది. "ఈయన కూడా తిట్టిపోతాడనుకున్నా," అంది.

"తిట్టాడుగా."

"అది తిట్టు కాదే పిచ్చిదానా. ఏడుపు."

విచారణ ప్రభుత్వ భవనంలో, మీటింగు హాల్లో జరిగింది. చనిపోయినవాళ్ల కుటుంబాలు ఎడమ వైపు, కంపెనీవాళ్లు కుడి వైపు కూర్చున్నారు. గంట, పిన్ని చివరి వరసలో కూర్చున్నారు. వాళ్ల పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఫ్యాన్లు రెండింటిలో ఒకటి తిరుగుతోంది.

దుకాణం నుంచి వెళ్లిన ఆ రాత్రే మాస్టారు విచారణాధికారికి ఒక అర్జీ ఇచ్చాడు. పూర్తి వీడియో చూపించాలని అందులో కోరాడు. ప్రయాణికుల ఫోన్లన్నీ ప్రమాదం జరిగిన మూడో రోజునే స్వాధీనం చేసుకున్నారు. టైల్స్ వ్యాపారి ఫోను కూడా వాటిలో ఉంది. అసలు వీడియో అందులో మొదటి నుంచి చివరి దాకా ఉంది. దాన్ని చెరిపేయాలని ఆయనకు తోచలేదు.

తెర దించి వీడియో వేశారు.

మొదట కిటికీ అవతల వాన. రన్‌వే దీపాలు. ఆయన దిగడాన్ని సరదాకి తీస్తున్నాడు. తర్వాత కుదుపు, అరుపులు, చీకటి. ఫోను కింద పడి మళ్లీ చేతికి వచ్చింది. "అన్నీ వదిలేయండి! ముందుకు నడవండి!" అన్న గొంతు హాలంతా వినిపించింది. లెక్కల విభాగం వాళ్లు ఆ గొంతు విని ఎందుకు పరిగెత్తుకొచ్చారో కంపెనీవాళ్లకు అర్థమైంది. ఆ గొంతు వినిపిస్తుండగానే పై అర తెరుచుకుంది. నల్ల బ్యాగు కిందికి దిగింది. తర్వాత తలుపు, చాపిన చేతులు, చెంపదెబ్బ. వీడియో ఈసారి అక్కడ ఆగలేదు.

ఫోను ముందుకు తిరిగింది. ఇరవై మూడో వరస దగ్గర ఒక ముసలామె నడవలోకి లేచి ఉంది. బ్యాగు చూసి మళ్లీ సీట్లోకి ఒదిగి దారి ఇచ్చింది. "వెళ్లు నాయనా," అంది. ఆయన వెళ్లాడు. ఆమె ఆయన వెనక నడవలోకి వచ్చింది. కొంత దూరం పోయాక ఫోను ఆగింది. తెర మీద నేల, సీటు కాలు, బ్యాగు అంచు. లాగుతున్న చప్పుడు. వెనక నుంచి దగ్గులు. దగ్గుల మధ్య అదే గొంతు.

"నాయనా, కాస్త జరుగు."

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం."

"నాయనా, ఊపిరాడటం లేదు."

"ఒక్క నిమిషం అండీ, వచ్చేస్తోంది."

ముసలామె గొంతు ఆ తర్వాత వినపడలేదు. లాగుతున్న చప్పుడు వినిపించింది. ఏదో విరిగింది. ఫోను కదిలింది. కుడి రెక్క మీది తలుపు, వెలుతురు, వాన, గడ్డి.

అధికారి వీడియో ఆపించాడు. మాస్టారు రెండు చేతులూ ముందు కుర్చీ వీపు మీద పెట్టి కూర్చున్నాడు.

ముందు శిక్షణ మేడంను పిలిచారు.

"పై అరలో సామాను తీసుకునే ప్రయాణికుడిని ఎలా ఆపాలో మీ డ్రిల్లులో నేర్పుతారా?"

"మాటలతో చెప్పాలని నేర్పుతాం."

"డ్రిల్లు హాల్లో అరల్లో సామాను ఉంటుందా?"

"ఉండదు."

"ఎందుకు?"

"హాలు శుభ్రంగా ఉంటుందని."

"తలుపు ముందు చేతులు చాపి నిలబడటం మీ శిక్షణలో ఉందా?"

మేడం కంపెనీవాళ్ల వైపు చూసింది. వాళ్లలో ఒకడు కాగితాలు సర్దుకుంటున్నాడు.

"ఉంది," అంది. "నేనే నేర్పాను."

తర్వాత టైల్స్ వ్యాపారి లేచాడు. ఇస్త్రీ చొక్కా. గొంతు నెమ్మది.

"కట్టుబట్టలతో బయటపడ్డానని చానల్లో చెప్పారు."

"అది మాట వరసకి అన్న మాట సార్."

"బ్యాగులో ఏముంది?"

"రెండు జతల బట్టలు. టైల్స్ శాంపిళ్లు."

"వాటి ఖరీదెంత?"

"ఖరీదేం లేదు సార్. శాంపిళ్లు ఊరికే ఇస్తారు."

చివరి వరసలో పిన్ని "ఊరికే" అంది. హాలు నిశ్శబ్దంగా ఉండటం వల్ల అందరికీ వినిపించింది. అధికారి పెన్నుతో బల్ల మీద కొట్టాడు.

మాస్టారు లేచి, ఒక ప్రశ్న అడగొచ్చా అన్నాడు. అధికారి తల ఊపాడు.

"మా అమ్మ వెనక నుంచి పిలిచింది. మీకు వినపడిందా?"

వ్యాపారి ఆయన వైపు తిరిగాడు. ఆ ప్రశ్నలో తప్పేముందో అతనికి అర్థమైనట్టు లేదు.

"వినపడింది సార్. ఒక్క నిమిషం అన్నాను కదా."

మాస్టారు కూర్చున్నాడు. హాల్లో కుర్చీలు కదిలాయి. ఎవరో బూతుమాట అన్నారు. అధికారి రెండోసారి బల్ల కొట్టి గంటను పిలిచాడు.

"ఈయన మీద చెయ్యి చేసుకున్న మాట నిజమేనా?"

"నిజమే సార్."

"అందుకు చెప్పుకునేది ఏమైనా ఉందా? క్షమాపణ లాంటిది?"

కంపెనీవాళ్లలో ఒకడు ప్లాస్టిక్ కవరులోని కాగితాన్ని బల్ల మీద ఆమె వైపు జరిపాడు. గంట దాన్ని చూడలేదు. ఎడమ వైపు కూర్చున్న కుటుంబాల వైపు తిరిగింది.

"ఉంది. ఆయనకు కాదు. మీకు." గొంతు తగ్గించుకోలేదు. "ఒక్క దెబ్బే కొట్టాను. ఆ దెబ్బకు తలుపు వదిలాడు, బ్యాగు వదల్లేదు. రెండోది కొట్టి ఉంటే బ్యాగు కూడా వదిలేవాడేమో. అప్పటికి నాకు నా ఉద్యోగం గుర్తొచ్చింది. ముట్టుకోకూడదన్న పాఠం గుర్తొచ్చింది. చెయ్యి దించాను. అందుకు క్షమించండి. కొట్టినందుకు కాదు. ఆపినందుకు. ఇదిగో, ఇది రాసుకోండి సార్, నేను సంతకం పెడతాను."

రాసుకున్నారు. ఎడమ చేత్తో సంతకం పెట్టింది.

బయట మెట్ల మీద వాన పడుతోంది. పిన్ని కొంగు తల మీద వేసుకుంది. మాస్టారు వచ్చి, గొడుగు విప్పి, వాళ్లిద్దరి మీదా పట్టాడు. ఆటో ఎక్కేటప్పుడు, "కట్టు తడవనివ్వకు తల్లీ," అన్నాడు.

మధ్యంతర నివేదిక తర్వాతి నెల వచ్చింది. వెనక తలుపు తెరవకపోవడం సరైన చర్య అని, తెరిచి ఉంటే మృతుల సంఖ్య పెరిగేదని అందులో ఉంది. డ్రిల్లుల్లో పై అరలు సామానుతో నింపాలని కంపెనీకి సూచించింది. చెంపదెబ్బ సంగతి కంపెనీ అంతర్గత విషయమని వదిలేసింది.

ప్రయాణికుడి మీద చెయ్యి చేసుకున్నందుకు గంటను సస్పెండ్ చేస్తూ విచారణ తర్వాత కంపెనీ ఇచ్చిన ఉత్తర్వు అమల్లోనే ఉంది. ఆమె పిన్ని దుకాణంలో గుండీలు కుడుతోంది. కుడిచేతి రెండు వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు. టైల్స్ వ్యాపారి మీద ఏ కేసూ లేదు. మంటల్లోంచి బ్యాగు తీసుకుని బయటికి రావడాన్ని నేరమనే చట్టం లేదని అధికారులు చెప్పారు.

ప్రమాద స్థలంలో స్వాధీనం చేసుకున్న సామాను యజమానులకు తిరిగి ఇచ్చారు. ఆయన స్వయంగా వచ్చి నల్ల బ్యాగు తీసుకున్నాడు. తెరిచి చూసుకున్నాడు. శాంపిళ్లు పగల్లేదు. ఒక చక్రం లేదని రసీదు మీద రాయించి సంతకం పెట్టాడు.

ఆ చక్రం పంతొమ్మిదో వరస సీటు కాలికి ఇరుక్కుని దొరికింది. అది విచారణ కార్యాలయంలో ఉంది.